వంగని వేషం

మిట్టకండ్రిగలో సంవత్సరానికి ఏడు రోజులు ఎల్లప్పను ఎవరూ ఎల్లప్ప అని పిలిచేవాళ్లు కాదు. ఐరాలకు మూడు మైళ్ల దూరంలో చెరుకు తోటల మధ్య ఉన్న ఆ ఊళ్లో మిగతా రోజులన్నీ అతను చాకలి ఎల్లప్పే. ఒరే అన్నా పలికేవాడు, ఏరా అన్నా పలికేవాడు, మూట వీధిలో పడేసి కేక పెట్టినా పలికేవాడు. ఎండాకాలంలో గంగజాతర చాటింపు పడి, అతని ముఖానికి పసుపు ఎక్కి, చేతికి కత్తి వచ్చిందంటే మాత్రం ఊరంతటికీ తల్లి. పేరు పెట్టి పిలిస్తే తప్పు, దారికి అడ్డం వస్తే అపచారం. ఆ వేషంలో ఉన్నంతసేపూ ఆ తల్లి ఎవరికీ దండం పెట్టదు, ఎవరి ముందూ తల వంచదు. ఆ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు గానీ, దాన్ని తప్పినవాడు ఇంతవరకూ లేడు.

జాతర మొత్తానికీ ఉన్నది ఒకే కథ. పూర్వం ఒక పాళేగాడు ఉండేవాడు. కంటికి నదురుగా కనిపించిన ఆడపిల్లనల్లా ఎత్తుకుపోయేవాడు. అదేమని అడిగే మగాడు లేక ఊళ్లన్నీ నోళ్లు మూసుకున్న కాలంలో గంగమ్మ పుట్టింది, పెరిగింది, కత్తి పట్టింది. ఆ కత్తిని చూసి పాళేగాడు పారిపోయి ఎవరి ఇంట్లోనో దాక్కున్నాడు. అందుకని గంగమ్మ ఆరు రోజుల పాటు గడప గడపా వెతుకుతుంది. ప్రతి గడప ముందూ నిలబడి, కుడికాలు ముందుకు చాపి, "వాడు మీ ఇంట్లో దాగినాడా?" అని అడుగుతుంది. ఇల్లాలు చెంబుతో ఆ పాదం మీద నీళ్లు పోసి, "లేడు తల్లీ, వచ్చి చూసుకో" అనాలి. గడపలన్నీ అయ్యాక ఏడో రోజు పొద్దున కూడలిలో మట్టి పాళేగాడి తల తెగుతుంది. ఒక్క గడప మిగిలినా వెతుకులాట పూర్తి కానట్టే, జాతర కొరతపడ్డట్టే.

ఈ వేషం ఎల్లప్పకు తండ్రి వెంకటముని నేర్పాడు. నేర్పడమంటే దానికి పుస్తకమూ లేదు, పలకా లేదు. పొద్దున్నే మూటలు దించి, రేవు గట్టు మీద వెంకటముని గంగమ్మ నడక నడిచి చూపించేవాడు. కొడుకు వెనకాలే నడిచేవాడు. చూసేవి రెండు గాడిదలే గనక సిగ్గుపడే పని లేదు. "కాలు సాపేది అడుక్కోడానికి కాదురా, లెక్క అడగడానికి" అనేవాడు తండ్రి. ఎల్లప్పకు పందొమ్మిదేళ్లప్పుడు ఆయన జ్వరంతో పోయాడు. ఆ ఏడు జాతరకే కొడుకు మీసం తీసి కత్తి అందుకున్నాడు. గొంతు సన్నగా వచ్చిందని మొదటి వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. మూడో వీధికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు.

తరువాత ఏర్పేడు నుంచి ఆనందమ్మ కోడలిగా వచ్చింది. పెళ్లయిన నాలుగో నెలలో మొగుణ్ణి చీరలో చూసి, "నాకన్నా నీకే కుచ్చిళ్లు బాగా నిలిచినాయే" అంది. అప్పటి నుంచి ఏటా ఆ కుచ్చిళ్లు పోసేదీ, సవరం ముడివేసేదీ ఆమే. ఆ ఏడు రోజులూ ఆమె కూడా అతన్ని నువ్వు అనేది కాదు. ఎనిమిదో రోజు పసుపు కడిగిన నీళ్లు పారబోసి, "ఏం మొగుడా, సంగటి తింటావా" అనేది.

ఇలా సాఫీగా జరిగిపోతున్న సంగతికి అడ్డు పడినవాడు ప్రెసిడెంటు రామచంద్ర నాయుడు. తండ్రి ఉన్నంతకాలం ఆయన ఇంటి గడప ముందూ ఆ నీళ్లు పడ్డాయి. తండ్రి పోయి, పంచాయతీ చేతికొచ్చి, చిత్తూరులో నలుగురు పెద్దమనుషులతో రాకపోకలు మొదలయ్యాక ఆయనకు ఆ దృశ్యం కంటగింపయింది. తన గుడ్డలుతికే మనిషి తన వాకిట్లో కాలు చాపడం, తన భార్య వంగి ఆ కాలు కడగడం. 1979 జాతరలో ఆయన ఇంటి తలుపు తెరుచుకోలేదు.

ఎల్లప్ప వేషంలోనే ఆ తలుపు ముందు కాలు చాపి, అడగాల్సింది అడిగి వెనుదిరిగాడు. ఎనిమిదో రోజు, మామూలు ఎల్లప్పగా, పంచ దించి, చేతులు కట్టుకుని అడిగాడు.

"మేము ఏం తప్పు చేసినాం సామీ?"

"తప్పేం లేదురా. మశూచి లేదని గవర్నమెంటే గోడల మీద రాసినాది. అమ్మవారే పొయ్యడం మానేసినాక ఇంక జాతరెందుకు, వేషాలెందుకు?" అన్నాడు నాయుడు.

"మశూచి పోయింది సామీ. పాళేగాడు పోయినాడా?"

అడగాలని అడిగిన మాట కాదది, నోరు జారింది. నాయుడు మాత్రం ఆ మాటను భద్రంగా దాచుకున్నాడు. మరుసటి ఏడూ తలుపు మూసే ఉంది. రెండు జాతరలు కొరతపడ్డాయి. ఆ వేసవిలో పిల్లలకు తట్టు పోసింది, బావుల్లో నీళ్లు అడుగంటాయి. తలుపు మూసినవాణ్ణి అనడానికి ఎవరికీ నోరు రాలేదు. వేషం కట్టినవాడి మీద మాత్రం అందరికీ వచ్చింది. ఎల్లప్ప నిష్ఠలో ఏదో లోపముందన్నారు. వేషం ఇంకొకరికి ఇస్తే పోలా అన్నవాళ్లూ ఉన్నారు. లోకం తీరే అంత. ఎప్పుడూ మెత్తటి చోటే గిల్లుతుంది.

1981 మొదట్లో చిత్తూరు నుంచి జయరావు అనే ఆయన వచ్చాడు. కాలేజీలో నాటకాల చరిత్ర చెప్పే లెక్చరరు. చేతిలో నోటుబుక్కు, భుజాన సంచి, మాటల్లో మర్యాద. చిత్తూరులో ఒక కళాసంఘం నాటకోత్సవం జరుపుతోందనీ, దాంట్లో ప్రపంచంలో నాటకం ఎలా పుట్టిందో తాను ప్రసంగిస్తాననీ, ఆ వెంటనే ఎల్లప్ప పది నిమిషాలు వేషం చూపించాలనీ అడిగాడు. జాతర కాని రోజున కట్టవచ్చో కూడదో ఎల్లప్పకు తేలలేదు. గుడి పూజారి శాంతయ్యను అడిగారు. శాంతయ్య అమ్మవారి తల మీద పూలు పెట్టి కూర్చున్నాడు. చాలాసేపటికి కుడివైపు పువ్వు రాలింది.

"అమ్మ సరే అనినాది. అయితే ఒక మాట, ఎల్లప్పా. ఆటకు కట్టినట్టు కట్టొద్దు. యాడ కట్టినా అదే వేషం, అదే నియమం" అన్నాడు శాంతయ్య.

ఉత్సవం రోజు మధ్యాహ్నం ఎల్లప్ప, ఆనందమ్మ, ఇద్దరు డప్పులవాళ్లు ఐరాలలో బస్సెక్కి చిత్తూరులో దిగారు. హాలు వెనక ఒక గది చూపించారు. ఎల్లప్ప ఇంకా పంచెలోనే ఉండి పసుపు కలుపుతుంటే, తలుపు దగ్గర ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా కనిపించింది. ఆ ఇస్త్రీ తన చేతిదే. రామచంద్ర నాయుడు లోపలికొచ్చాడు. ఆ రోజు కళాపోషకుడని సన్మానం ఆయనకే.

"ఒరే ఎల్లప్పా, విను. నీ ఆట అయినాక దండ నీ చేతికిస్తారు. ఆ వేషంతోనే కిందికొచ్చి నాకు దండేసి, కాళ్లకు మొక్కల్ల. ఫోటో తీస్తారు."

ఎల్లప్ప చేతిలో పసుపు ఆగింది. "వేషంతో మొక్కకూడదు సామీ. మీకు తెలీంది కాదు. ఎల్లప్పగా మొక్కమంటే ఇప్పుడే మొక్కుతా."

"ఎల్లప్ప మొక్కితే ఎవుడు ఫోటో తీస్తాడురా? ఇదేమన్నా గుడా, జాతరా? హాల్లో ఆడేది నాటకం. మొక్కితివా, వచ్చే జాతరకు మా ఇంటి తలుపు నేనే తెరిపిస్తా. మొక్కలేదా, వేషం ఇంకొకడిది. మనిషిని చూసి పెట్టినా."

ఇంత చెప్పి ఆయన వెళ్లిపోయాడు. ఆనందమ్మ చీర విప్పి కుచ్చిళ్లు పోయడం మొదలుపెట్టింది.

"తలుపు తెరుచుకుంటాదంట గదా" అంది. "ఊరి నోళ్లు మూతపడతాయి. ఒక్కసారి వంగితే ఎవురికి తెలస్తాది? ఈడ మనోళ్లు ఎవురుండారు?"

"నాకు తెలస్తాది గదా" అన్నాడు ఎల్లప్ప. కానీ అతనికి భయంగానే ఉంది. తండ్రి చేతి నుంచి వచ్చిన కత్తి తన చేతిలో ఆగిపోతుందేమో అన్న భయం. వంగితే తలుపు తెరుచుకుంటుంది, కానీ ఆ తలుపు ముందు నిలబడి అడగడానికి తల్లి ఉండదు, చాకలి ఉంటాడు. వంగకపోతే వేషమే ఉండదు. పసుపు పూసుకుంటూ ఏ దారీ తోచక అద్దంలోకి చూశాడు. అద్దంలో ముఖం అప్పటికి ఇంకా సగమే తయారైంది.

ముస్తాబు అయ్యాక అతన్ని వేదిక పక్క తెర వెనక నిలబెట్టారు. జయరావు మైకు ముందు అందుకున్నాడు. ఎల్లప్ప మొదట వినలేదు. మేక అన్న మాట చెవిన పడి విన్నాడు. రెండున్నర వేల ఏళ్ల కిందట గ్రీసు దేశంలో ద్రాక్షసారా దేవుడికి ఏటేటా జాతర చేసేవాళ్లట, పాటల పోటీలో గెలిచినవాడికి మేకను బహుమానం ఇచ్చేవాళ్లట. ఒక గుంపు చుట్టూ చేరి దేవుడి కథ పాడుతుంటే, ఒకనాడు ఒకడు వరస విడిచి ముందుకొచ్చి, తానే ఆ కథలో మనిషినని బదులు చెప్పాడట. అక్కడ అదే నాటకానికి తొలి అడుగట. చట్టాలు రాసే ఒక ముసలి పెద్దమనిషి అది చూసి మండిపడి, ఇంతమంది ముందు ఇన్ని అబద్ధాలాడటానికి సిగ్గు లేదా అని చేతికర్ర నేలకేసి కొట్టాడట.

ఆ పెద్దమనిషి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉంటాడని ఎల్లప్ప అనుకున్నాడు.

అంతకన్నా పాతకాలంలో ఈజిప్టు దేశంలో తమ్ముడి చేతిలో చచ్చి మళ్లీ లేచిన దేవుడి కథను ఊరేగింపుగా ఆడేవాళ్లట. చైనాలో ఒకడు ఎలుగుబంటి తోలు కప్పుకుని, నాలుగు బంగారు కళ్ల ముసుగు పెట్టుకుని, గది గదీ తిరిగి రోగాలను తరిమేవాడట. జపానులో సూర్యదేవత అలిగి గుహలో దాక్కుంటే, ఇంకొక దేవత తొట్టి బోర్లించి దాని మీద చిందేసి, అందరినీ నవ్వించి, ఆమెను బయటికి రప్పించిందట. ఎల్లప్పకు నోరు తెరుచుకుపోయింది. గది గదీ తిరిగేవాడు చైనాలో కూడా ఉన్నాడా. ఇన్నాళ్లూ ఈ పని లోకంలో తామొక్కరమే చేస్తున్నామని, అందుకే ఇంత లోకువని అతను అనుకుంటూ వచ్చాడు.

"మన దేశం సంగతి చూడండి" అన్నాడు జయరావు. "దేవతలు ఆడిన మొదటి నాటకంలో రాక్షసులు ఓడిపోవడం చూపించారట. చూడవచ్చిన రాక్షసులు అది ఓర్చుకోలేక ఆటగాళ్ల మాట పడిపోయేట్టు, కాళ్లు కదలకుండా చేశారట. అప్పుడు ఇంద్రుడు జెండా కర్రతో వాళ్లను బాది ఆటను నిలబెట్టాడట."

హాల్లో నవ్వారు. తెర వెనక ఎల్లప్ప నవ్వలేదు. మాట పడిపోవడం, కాళ్లు కదలకపోవడం అంటే ఏమిటో గంట కిందటే ఆ వెనక గదిలో అతనికి తెలిసింది.

జయరావు ముగింపుకొచ్చాడు. గ్రీసులో ఆ తొలి అడుగు తరువాత మహానాటకాలు పుట్టాయనీ, మన పల్లెల్లో మాత్రం ఆ తొలి అడుగే ఇంకా మిగిలి ఉందనీ, ఇది నాటకం కాదు గానీ నాటకానికి పసితనమనీ, పెద్ద మనసుతో చూడాలనీ సభను కోరాడు. మంచివాడే పాపం. చిన్నబుచ్చడం కూడా మర్యాదగానే చేశాడు. ఎల్లప్పకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే భయం ఎటు పోయిందో పోయింది.

డప్పులు మోగాయి. అతను వేదిక మీదికి వచ్చాడు. మూడడుగుల కత్తీ, తొడల దాకా వేపమండలూ, పసుపు ముఖంలో ఎర్రటి కళ్లూ చూసి పిల్లలు తల్లుల ఒళ్లో దూరారు. చెప్పినట్టే పది నిమిషాలు ఆడాడు. పుట్టుక, పెరగడం, కత్తి పట్టడం. తరువాత ఎవరో దండ అందించారు. ఎల్లప్ప దాన్ని తీసుకుని కత్తికి తగిలించుకుని, మెట్లు దిగి, ముందు వరసలో కూర్చున్న రామచంద్ర నాయుడి దగ్గరికి నడిచాడు. ఫోటో తీసే ఆయన వంగి కూర్చున్నాడు. నాయుడు పాదాలు సర్దుకున్నాడు.

ఎల్లప్ప కుడికాలు ముందుకు చాపాడు.

"వాడు మీ ఇంట్లో దాగినాడా?"

అది రేవు గట్టు మీద నేర్చిన గొంతు. మైకు లేకుండానే వెనక వరసల దాకా వినిపించింది. నాయుడు ముందు నవ్వబోయాడు. నవ్వు కుదరలేదు. పక్కవాళ్ల వైపు చూశాడు. ఏం జరుగుతోందో పట్నంవాళ్లకు తెలియదు గానీ, పెద్ద మనిషికి ప్రశ్న పడిందనీ, జవాబు రావాలనీ మాత్రం అందరికీ అర్థమయింది.

"ఒరే, ఏందిరా ఇది" అన్నాడు నాయుడు పళ్ల బిగువున.

"రెండేండ్లు నీ వాకిట్లో అడిగినాను. తలుపు మూసినావు. వాడు మీ ఇంట్లో దాగినాడా?"

డప్పులవాళ్లు డప్పు ఆపేశారు. ఎల్లప్ప కాలు వెనక్కి తీయలేదు, తల దించలేదు. తెర పక్క నుంచి ఆనందమ్మ చూస్తోంది. ఆ పసుపు ముఖాన్ని చూస్తుంటే ఆమెకు గర్వంతో కళ్లు నిండిపోయాయి.

నాయుడి పక్క కుర్చీలో ఆయన భార్య వసంతమ్మ ఉంది. ప్రయాణంలో ఎప్పుడూ దగ్గరుంచుకునే ఇత్తడి మరచెంబు ఆమె ఒళ్లోనే ఉంది. ఆ రెండు జాతరల్లోనూ మూసిన తలుపు వెనక నిలబడి ఆ ప్రశ్న విన్న మనిషి ఆమె. జవాబు నోటి దాకా వచ్చి మింగిన మనిషి. ఆమె లేచింది. "కూచోమే" అన్నాడు నాయుడు. ఆమె కూర్చోలేదు. మరచెంబు మూత తిప్పి తీసింది. వంగి ఎల్లప్ప పాదం మీద నీళ్లు పోసింది.

"లేడు తల్లీ. వచ్చి సూసుకో" అంది.

నీళ్లు నాయుడి చెప్పుల కిందికి పారాయి. ఆయన లేచి పక్క తలుపులోంచి బయటికి పోయాడు. ఎల్లప్ప కత్తికున్న దండ తీసి వసంతమ్మ మెడలో వేశాడు. ఫోటో ఆమెకే పడింది.

ఊరికి వెళ్లాక నాయుడు ఊరుకుంటాడా. జాతరకు నెల ముందు పంచాయితీ పెట్టి, వేషం ఇంకొకరికి ఇవ్వాలన్నాడు. తలలూపడానికి కొందరు సిద్ధంగానే ఉన్నారు. అప్పుడు పూజారి శాంతయ్య లేచాడు.

"మీ ఇంటామె మూడొందల మంది ముందర వచ్చి సూసుకో అనినాది సామీ. ఆ మాట ఏ వేషానికి ఇచ్చినాదో ఆ వేషమే రావల్ల. ఇంకొకడొస్తే అమ్మకు మాట తప్పినట్టు. కాదంటే మీరే సెప్పండి."

ఊరి నియమమే నాయుడికి అడ్డం తిరిగింది. ఆ ఏడు జాతరలో వసంతమ్మ తలుపు తెరిచి, గడప ముందు చాపిన పాదం మీద నీళ్లు పోసింది. నాయుడు ఆ ఏడు రోజులూ తిరుమల కొండ మీద సత్రంలో ఉన్నాడు. తరువాత ఏటా ఆయనకు అదే అలవాటయింది. అయితే కక్ష మాత్రం కొండ మీద వదిలి రాలేదు. నాయుడి మాట వినే పై వీధి ఇళ్లలో సగం గుడ్డలు చిత్తూరు ఇస్త్రీ బండికి పోవడం మొదలయింది. ఎల్లప్ప ఇంట్లో సంగటి ముద్ద చిన్నదయింది. ఆనందమ్మ వేరుశనగ కాయలు వలవడానికి కూలికి పోయింది. ఎల్లప్ప పై వీధి గుండా నడిచేటప్పుడు కొందరు ముఖం తిప్పుకునేవాళ్లు. అతను పలకరించడం మానలేదు, బతిమాలడం మొదలుపెట్టలేదు.

జయరావు జాతర ఏడు రోజులూ ఊళ్లోనే ఉండి చూశాడు. నోటుబుక్కులో చాలా కొట్టివేసి, చాలా రాసుకున్నాడు. మళ్లీ చలికాలంలో ఒకసారి వచ్చినప్పుడు ఎల్లప్ప రేవులో ఉన్నాడు. రాయి మీద కూర్చుని జయరావు, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న మాట అడిగాడు.

"ఆ రోజు కొంచెం వంగి ఉంటే నీకీ ఇబ్బందులన్నీ ఉండేవి కాదు కదా, ఎల్లప్పా. ఎంతయినా అది నాటకమే."

ఎల్లప్ప తడి దుప్పటి పిండి భుజాన వేసుకుని, నీళ్లు కారుతున్న చేతులతో ఆయన వైపు చూశాడు.

"నాటకం కాబట్టే వంగలేదు సార్. ఎల్లప్ప అయితే దినామూ వంగతానే ఉండాడు" అని, మళ్లీ బండ మీదికి వంగి దుప్పటి బాదడం మొదలుపెట్టాడు.